ఇసుక కదిలింది

ఛందస్సునూ శతకాలనూ వదిలి ఈ ముసలి పంతులు గోల్ఫు మీద పడ్డాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేను ఆ కర్రను చేతబట్టి ఎరుగను. చిన్నప్పుడు స్వర్ణముఖి ఒడ్డున ఇసుక చదును చేసి, గుంట తీసి గోలీలాడినవాణ్ణి. అంతమాత్రమే నా అర్హత.

అమెరికాలో చదువుకుంటున్న మా మనుమడు సెలవులకు తిరుపతి వచ్చినప్పుడు కంప్యూటరులో ఒక పాత పోటీ పెట్టి, "తాతా, ఈ పేరు చదువు" అన్నాడు. ఇంగ్లీషు లిపిలో ఉన్నా ఇంటిపేరు ఇట్టే పోల్చుకున్నాను. తీగల. సాహిత్ తీగల. వ్యాఖ్యాత మాత్రం 'థీగాలా' అంటున్నాడు. తకారానికి ఒత్తు తగిలించి, లేని దీర్ఘాలు సాగదీసి! ముప్ఫయ్యేళ్ళు గుణింతాలు దిద్దించిన చెవికి అది ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. పైగా 'సాహిత్యం' అనే మాట తొంగిచూసే పేరాయె. ఆ పేరు కోసమే కూర్చుని చూశాను.

తండ్రి మురళీధర్, తల్లి కరుణ. హైదరాబాదు మూలాలుగల కుటుంబం. సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టి, చీనో హిల్స్ అనే ఊళ్ళో పెరిగాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 2020లో అక్కడి కళాశాల గోల్ఫుకు ఇచ్చే ప్రధాన పురస్కారాలు మూడింటినీ (హాస్కిన్స్, హోగన్, నిక్లాస్) ఒక్కడే అందుకున్నాడు.

వృత్తి క్రీడాకారుడయ్యాక విజయం అంత తొందరగా కరుణించలేదు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు, పదిహేడో గుంట దగ్గర కొట్టిన బంతి ఎడమకు దొర్లి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో అవకాశం పోయింది. ఇంటివాళ్ళ దగ్గరకు వచ్చి ఏడ్చాడు. అదే ఏడాది జూన్‌లో కనెటికట్‌లో జరిగిన ట్రావెలర్స్ పోటీలో ఒక దెబ్బ ఆధిక్యంతో చివరి గుంటకు వచ్చి, బంతిని ఇసుకలో పడేసుకున్నాడు. మొదటిసారి కొడితే అది ఆ గుంత అంచుకే తగిలింది. రెండు దెబ్బలు ఎక్కువై గెలుపు షాఫ్లీకి వెళ్ళింది. ఎట్టకేలకు 2023 సెప్టెంబరు 17న నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మరుసటి ఏడు ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు. ఈ వివరాలన్నీ అంతర్జాలంలో వెతికితే ఎవరికైనా దొరుకుతాయి.

నేను రాయ కూర్చున్నది ఆ గెలుపు గురించి కాదు.

2024 ఆగస్టు 31. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు. మూడో గుంట దగ్గర బంతి మళ్ళీ ఇసుకలో పడింది. ఈ ఇసుక గుంతను బంకర్ అంటారు. అక్కడ కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకకు తగలరాదని నియమం. తగిలితే శిక్ష రెండు దెబ్బలు. సాహిత్ కొట్టాడు, బంతి బయటపడింది. ఎవరూ ఏమీ అనలేదు. అతడే అధికారిని పిలిచి, వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుక కదిలినట్లు తనకు తోస్తున్నదని చెప్పాడు. నూటికి నూరుపాళ్ళు నిశ్చయమని కూడా అనలేదు. కదిలిందనే తన నమ్మకమన్నాడు. రెండు దెబ్బలూ అతని లెక్కలో పడ్డాయి.

మరునాడు ఆట ముగిసేసరికి అతడు మూడో స్థానంలో నిలిచాడు, రెండో స్థానంలోని మోరికావా కంటే సరిగ్గా రెండు దెబ్బలు వెనుక. రెండో బహుమతి 1 కోటి 25 లక్షల డాలర్లు, మూడోది 75 లక్షలు. ఇద్దరూ సమమై ఉంటే చెరి కోటి వచ్చేది. అంటే ఆ ఇసుక వెల, అంకెల లెక్కన, 25 లక్షల డాలర్లు.

ఈస్ట్ లేక్ అనగానే మా మనుమడు బాబీ జోన్స్ పేరెత్తాడు. జోన్స్ బాల్యంలో ఆట నేర్చిన మైదానమట అది. 1925 యు.ఎస్. ఓపెన్‌లో గడ్డిలో తన బంతి కదిలిందని జోన్స్ తానే ఒప్పుకుని ఒక దెబ్బ శిక్ష వేయించుకున్నాడు. చివరికి మెక్‌ఫర్లేన్‌తో సమమై, విజేతను తేల్చే అదనపు ఆటలో ఓడిపోయాడు. మన గోలీలాటలో తొండి చేసినవాణ్ణి పట్టుకోవడం ఎదుటివాడి పని. పట్టుకోలేకపోతే అది తొండే కాదు. ఈ ఆటలో ఎదుటివాడు ఎక్కడో ఉంటాడు, మనిషి తనకు తానే కాపలా. ధర్మానికి ప్రమాణాలు చెబుతూ మనువు శ్రుతి, స్మృతి, సదాచారాల తర్వాత ఆత్మతుష్టిని నాలుగోదిగా పెట్టాడు. తరగతిలో ఆ నాలుగింటినీ ఎన్నోమార్లు వల్లె వేయించాను.

వేయించినవాడి సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం చిత్తూరులో పదో తరగతి పత్రాలు దిద్దే శిబిరానికి వెళ్ళాను. సాయంత్రం తిరుపతి బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. ఒక పత్రానికి చివర దారంతో కట్టిన అదనపు కాగితంలోని జవాబుకు మార్కులు వేశాను గానీ మొత్తంలో కలపలేదు. సరిచూసేవారి సంతకం కూడా అప్పటికే అయిపోయింది. మరునాడు పొద్దున వెళ్ళి చెబితే కట్ట తెరిపించవచ్చు. మెమో ఇస్తారు, పదిమందిలో తలవంపు. పాకాల దాటేలోపు నాకు నేనే బోలెడు సమాధానాలు చెప్పుకున్నాను. కలిపే ఉంటానేమో, భ్రమేమో, నిశ్చయంగా తెలియదు గదా అని.

మరునాడు వెళ్ళాను. కొత్త కట్ట అందుకుని దిద్దడం మొదలుపెట్టాను.

ఈస్ట్ లేక్ ఆట చూసిన రాత్రి మిద్దె మీద పడుకుని ఈ సంగతి మా మనుమడికి చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయాడనుకున్నాను.

"ఎన్ని మార్కులు తాతా?" అన్నాడు.

"ఎనిమిది."