సముద్రం కనిపించని సముద్రపు రైలు

నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వెళ్లే మెమూ రైలుకి పెద్ద పేరేమీ లేదు. ఎక్స్‌ప్రెస్‌లు దూసుకొస్తే పక్కకి తప్పుకుని నిలబడటం దానికి అలవాటు. చలికాలం ఆదివారాల్లో పులిహోర డబ్బాలతో, పిల్లాజెల్లాతో ఎక్కే కుటుంబాలకు మాత్రం ఆ నిదానమే సరదా. దాదాపు 90 కిలోమీటర్ల దారి. ఎడమవైపు కిటికీ కోసం పిల్లలు కొట్టుకోవాల్సిందే.

'సముద్రం యాడ తాతా?' అని అడిగే మనవడికి ఏ తాతయినా తాటిచెట్లకేసి చెయ్యి చూపించి ఊరుకోవాలి. తీరం వెంబడే సాగే ఈ పట్టాలకీ అలలకీ మధ్య బకింగ్‌హాం కాలువ ఉంది, పులికాట్ సరస్సు ఉంది. 1877-78 కరువు రోజుల్లో పనిలేని కూలీల చేత ఆ కాలువను పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. ఉప్పు, శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసు చేరేవి. 1899లో బెజవాడ-మద్రాసు రైలుదారి కలిశాక పడవలకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. పాతదాన్ని మింగిన కొత్త రైలు ఇప్పుడు తానే పాతబడి, నూటపాతికేళ్లు దాటింది!

గూడూరులో నిమ్మకాయల బుట్టలు, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి ఇసుక. ఆ తర్వాత దొరవారిసత్రం. పక్షులు చూడాలనుకునేవాళ్లు ఇక్కడే దిగి నేలపట్టుకి ఆటో మాట్లాడుకోవచ్చు. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలాలకు ఎరువని ఊరివాళ్ల నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. 1976లో ప్రభుత్వం రక్షిత కేంద్రంగా ప్రకటించకముందు నుంచీ ఊరే వాటికి కాపలా.

ఫ్లెమింగోలను చూడాలంటే సూళ్లూరుపేట దాకా వెళ్లాలి. అక్కణ్నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. లోతులేని నీళ్లలో తలకిందులుగా ముక్కు పెట్టి మేసే ఆ గులాబీ గుంపుల్ని అటకానితిప్ప దగ్గర ఆగి చూస్తే పిల్లలు ఫోన్లు మరిచిపోతారు. అయితే ఆ నీళ్లకే కష్టం వచ్చింది. రాయదొరువు దగ్గర సముద్రం సరస్సులోకి వచ్చే దారి ఇసుకతో పూడిపోతోందని, చేపలూ రొయ్యలూ దొరకడం లేదని జాలర్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఎండాకాలంలో వెళితే సరస్సు ఉత్తరపు కొస చాలాచోట్ల నెర్రెలిచ్చిన నేలే. ఆ నేల మీద పక్షులకూ పనిలేదు, పడవలకూ పనిలేదు.

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మంచిది. బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. మధ్యాహ్నం కాళంగి ఒడ్డున చెంగాళమ్మను దర్శించుకోవచ్చు. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి మొక్కేది ఈ అమ్మకే. గుడి తలుపులు రాత్రీపగలూ తెరిచే ఉంటాయి. తిరుగు రైలు మాత్రం అలా కాచుకుని ఉండదు. దిగగానే దాని వేళ కనుక్కుని ఉంచుకోవాలి.