సిమెంటు పలకల సందులో గంగపాయల కూర

డాలస్‌లో ఇంటి ముందు, కారు నిలిపే చోట, సిమెంటు పలకల సందులో ఎర్రటి కాడలు నేలకు పరుచుకుని మొలిచాయి. ఆకులు చిన్నవి, దళసరివి. గడ్డి కోయడానికి వచ్చిన మనిషి కలుపు మందు కొట్టమంటారా అని అడిగాడు. ఈ వ్యాసం రాస్తున్న తెనాలి ఆడపడుచు కాసేపు ఆగమని, ఫోన్లో అమ్మకు ఆ మొక్కను చూపించింది.

"గంగపాయల కూరలాగే ఉందే! కాడ తుంచి చూపించు. పాలు కారితే మాత్రం వండకు, అది వేరే మొక్క."

పాలు కారలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో పెసరపప్పులో గంగపాయల కూర ఉడికింది. ఆకులోనే పులుపుంది గనుక చింతపండు సగానికి తగ్గించింది. తెలంగాణవాళ్లు దీన్నే గంగవాయిలి అంటారు. మెక్సికన్ దుకాణాల్లో వెర్దొలాగాస్ పేరుతో కట్టలు కట్టి అమ్ముతారు. గ్రీసులో పుట్టిన డాక్టర్ ఆర్టెమిస్ సిమోపౌలోస్ 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసేదాకా, చేపల్లో దొరికే ఒమేగా-3 కొవ్వుల కుటుంబానికి చెందినదే ఈ ఆకులోనూ దండిగా ఉందని చాలామంది వైద్యులకు తెలియదు. నీటి ఎద్దడి వేళ ఈ మొక్క రాత్రిపూట గాలి పీల్చి, దాన్ని పుల్లటి ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు ఖర్చు చేస్తుంది. అందుకే ఎండల కాలంలో పొద్దున్నే కోసిన కూరకు పులుపు ఎక్కువ. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

జనవరిలో ఊరికి వెళ్లినప్పుడు ఆమె తెనాలి నుంచి రేపల్లెకు రైలెక్కింది. వరి కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా ఉంది. అక్కడక్కడా పసుపు దారాలు చిక్కుపడినట్టు బంగారుతీగ. పేరు బంగారమే గానీ అది మినుము రసం పీల్చి బతుకుతుంది. 1945 నుంచి నడుస్తున్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో దాన్ని శత్రువుగానే చదువుతారు, అదే న్యాయం. ప్రతి కలుపునూ నెత్తిన పెట్టుకోవాలని ఆమె అనదు. తెనాలి కాలువల్లో గుర్రపుడెక్క మేటలు చూస్తే ఎవరూ అనలేరు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క ఊదా పూలు పూసి, నీళ్లు కదలకుండా చేస్తుంది.

కానీ అదే నీటి అంచున తూటికూర పాకుతుంది. ఇక్కడ వేపుడు చేసుకునే ఆ కూర అమెరికా ప్రభుత్వం లెక్కలో హానికరమైన కలుపు. అక్కడి చెరువుల్లోకి చేరితే అడ్డూ ఆపూ లేకుండా అల్లుకుంటుందని వాళ్ల భయం. ఆ భయం సబబే. అందుకే ఆమె తిరుగు ప్రయాణంలో ఒక్క విత్తనం కూడా తీసుకెళ్లదు.

రేపల్లెలో అమ్మమ్మ ఇంటి వెనక తేమ నేలలో గుంటగలగర ఇప్పటికీ మొలుస్తోంది. ఆకు దంచి, రసం తీసి, నువ్వుల నూనెలో పోసి, చిటపటలు ఆగేదాకా సన్నటి సెగ మీద కాచడం అమ్మమ్మ పద్ధతి. చిటపట ఆగిందంటే నీరు ఇగిరిపోయినట్టు. నీరు మిగిలితే నూనె పాడవుతుంది. పెరట్లో ఉత్తరేణి చీరకు అంటుకుంటే విసుక్కునేవాళ్లే వినాయక చవితి నాడు పత్రి కోసం దాన్ని వెతుక్కుంటారు. కలుపుకు వెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం ఒడిలో కూర నింపుకుని రావడం ఆమె చిన్ననాటి జ్ఞాపకం. మందు కొట్టిన చేలో ఆ ఒడి నిండదు, నిండినా తినకూడదు.

నేల ఉసిరి దగ్గర మాత్రం ఆమెకు అమ్మమ్మతో పేచీ ఉండేది. కామెర్లకు అదే మందని అమ్మమ్మ నమ్మకం. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కూడా దాని మీద ఆశ పెట్టుకున్నారు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్‌లో ప్రకటించిన ఫలితంలో, అది వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ జాడ కనిపించలేదు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పప్పులోకి ఆకు కోసుకోవడం వేరు, కాలేయాన్ని దానికి అప్పగించడం వేరు. పచ్చకామెర్లు కనబడితే రక్తపరీక్షే ముందు.

డాలస్ ఇంటి ముందున్న మొక్కను ఆమె పెరట్లో కుండీలోకి మార్చింది. అక్కడ మందు పడదు. ఆవగింజల కన్నా సన్నటి నల్ల గింజలు రాలి, ఈ జూన్‌కి కుండీ చుట్టూ మళ్లీ ఎర్రకాడలు లేచాయి. కొడుకు ఒక కాడ తుంచి, వెలుగుకు ఎత్తిపట్టి, పాలు కారుతున్నాయేమోనని చూస్తున్నాడు.