నఖ్లీ బందూఖు

మా ఆపా కొడుకు వర్జీనియాలో ఉంటాడు. మొన్న జుమా నాడు ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక తస్వీర్ పెట్టాడు. ఎర్ర కోటు, మూడు మూలల టోపీ, చేతిలో దాదాపు ఐదడుగుల బందూఖు. ఆ కాలపు గోరా సిపాయిలకు గడ్డం ఉండేది కాదు, వీడి గడ్డాన్ని మాత్రం మాఫ్ చేశారట.

రెండు నిమిషాల్లో ఆపా ఫోను. "దాన్ని తీసెయ్యమను. ఆ పేరు, ఆ గడ్డం, చేతిలో అది..." జుమ్లా పూర్తి చేయలేదు. మా ఇళ్ళల్లో పూర్తి చేయక్కర్లేదు.

వాడికి చేశా. నవ్వాడు. "నఖ్లీ మామూ. పాత జంగ్‌లను మళ్ళీ ఆడి చూపిస్తాం కదా, దానికి. బ్రౌన్ బెస్ అంటారు."

ఘోడా దవడల్లో చక్మక్, అదే మన చెకుముకి రాయి. మీట నొక్కితే రాయి ఉక్కు పలకను గీకుతుంది, రవ్వలు గిన్నెలోని బారూద్ మీద పడతాయి, ఆ మంట గొట్టానికున్న సన్నటి బెజ్జంలోంచి లోపలికి పోతుంది. తమాషాలో గుండు వేయరు. ఉత్త పొగ, చప్పుడు.

"ఇండియాలో చేసిందే మామూ. బెజ్జం వేయకుండానే పంపుతారు. నాదింకా వేయించలేదు, కవాతుకే." అంటే అదొక ఇనప గొట్టం.

"ఎవరి ఫౌజులో చేరావో ఎరుకేనా?" అన్నా. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిసే తర్వాత మన దగ్గరికొచ్చాడు. 1792లో శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ ఇద్దరు కొడుకులను జమానత్‌గా పట్టుకెళ్ళాడు. కోపం తెచ్చుకుందామంటే, ఆ జంగ్‌లో నిజాం ఫౌజు అతని పక్కనే ఉంది. సుల్తాన్ వదులుకున్న ఇలాఖాల్లో మా కడప నిజాం హిస్సాకు వచ్చింది. 1800లో అదీ కంపెనీ పాలే.

"ఎర్ర కోటు వైపు మనుషులు తక్కువయ్యారు మామూ, అందుకే నన్ను అటేశారు" అన్నాడు. గరీబు సిపాయి జవాబు!

ఆపాకు మళ్ళీ ఫోన్ చేసి బెజ్జం సంగతి చెప్పా. అది పేలదు, ఖౌఫ్ వద్దు అన్నా.

"బెజ్జం లేదని ఫొటోలో కనబడుతుందా?"

సాయంత్రానికి గ్రూపులో ఆ తస్వీర్ లేదు. నా ఫోన్‌లో దాచుకున్నా. రాత్రి పడుకోబోయే ముందు నేనూ తీసేశా.