వెంట్రుకవాసి సందుకు వేల డాలర్లు

తుపాకీని కొలతలిచ్చి చేయించుకోవచ్చని నాకు తెలియనే తెలియదు. టెక్సాస్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. కిరాణా కొట్టుకు నాలుగడుగుల దూరంలో తుపాకుల షాపు. అద్దాల బీరువాలో వరసగా పేర్చి, ధర చీటీలు కట్టి ఉంటాయి. నచ్చింది కొనుక్కోవడమే తప్ప ఇంకేముంటుంది అనుకునేవాణ్ని. అలాంటిది ఆర్కన్సాలో ఒక పెద్దాయన నా కుడిచేతిని బల్లమీద చాపించి, చూపుడువేలి కొస కణుపు నుంచి బొటనవేలి సందు దాకా కొలిచి కాగితం మీద రాసుకుంటుంటే నోరెళ్లబెట్టి చూస్తుండిపోయాను.

ఆయన గన్‌స్మిత్. ఇంటి వెనక రేకుల షెడ్డులో పని. లేత్ ఉంది, మిల్లింగ్ మెషీన్ ఉంది. కానీ గోడ పొడుగునా వేలాడుతున్నవి ఆకురాళ్లు. సన్నవి, బద్దవి, ముక్కోణాలవి, పుల్లంత గుండ్రటివి. కంప్యూటర్ మెషీన్లు అంగుళంలో వెయ్యో వంతుకు కోసిపెడుతున్న ఈ రోజుల్లో ఇన్ని ఆకురాళ్లెందుకండీ అని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబే ఈ లోకం మొత్తం!

ఈ మేస్త్రులు ఎక్కువగా చేసేది 1911 అనే పిస్తోలు. జాన్ బ్రౌనింగ్ మేధ. యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊళ్లో తుపాకులు చేసే ఇంట్లో 1855లో పుట్టాడాయన. సైన్యం పెట్టిన పరీక్షలో ఈ పిస్తోలు 6,000 తూటాలు కాల్చినా ఒక్కసారి కూడా మొరాయించలేదు. 1911 మార్చి 29న సైన్యంలో చేరింది, 1985 దాకా కొలువు చేసింది. సైన్యం కోరింది ఒకటే. బురద పడ్డా పేలాలి, ఒకదాని భాగం ఇంకొకదానికి పట్టాలి. అందుకని పైన జారే స్లైడ్‌కీ, కింద దాన్ని మోసే ఫ్రేమ్‌కీ మధ్య కావాలనే కాస్త సందు ఉంచారు. చేత్తో ఊపితే లొడలొడలాడేది. యుద్ధంలో అదే మంచిది. కాగితం మీద నల్లచుక్కని కొట్టాలనుకునేవాడికి మాత్రం ఆ లొడలొడే శత్రువు. ప్రతి తూటాకీ బ్యారెల్ ఒక్కో చోట కూర్చుంటుంది మరి.

ఆ సందును చంపడమే ఈ వృత్తి. నేను డబ్బిస్తున్నది ఇనుముకు కాదు, అక్కడ లేకుండా పోయే వెంట్రుకవాసి ఖాళీకి! ఇది అర్థమైన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

మొదట ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో జరిగే జాతీయ షూటింగ్ పోటీలకోసం సైన్యం మేస్త్రులే ఈ పిస్తోళ్లను బిగించేవారు. తర్వాత పౌరులు అందుకున్నారు. లూసియానాలో జిమ్ క్లార్క్ ఒకడు. తాను బిగించడమే కాదు, 1958లో జాతీయ పిస్తోలు ఛాంపియన్ కూడా అయ్యాడు. కాలిఫోర్నియాలో ఆర్మండ్ స్వెన్సన్ ఎడమచేతి వాటం వాళ్లకూ అందేలా రెండు వైపులా సేఫ్టీ మీటలు పెట్టాడు. 1977లో ఆర్కన్సాలోని బెర్రీవిల్‌లో బిల్ విల్సన్ అనే వాచీ మెకానిక్ కుటుంబం నగల దుకాణం వెనక గదిలో మొదలుపెట్టిన పనే ఇవాళ్టి విల్సన్ కాంబాట్. గడియారాలు విప్పిన చేతులు పిస్తోలు మీదికి రావడం నాకు ఎంత సబబుగా తోచిందో! అదే ఊళ్లో 2004లో నైట్‌హాక్ కస్టమ్ వచ్చింది. వాళ్ల దగ్గర ఒక తుపాకీని మొదటి నుంచి చివరిదాకా ఒక్క మేస్త్రే చేస్తాడు, పూర్తయ్యాక పిడి పలక కింద ఎవరికీ కనబడని చోట తన పొడి అక్షరాలు కొడతాడు.

ఇక పని చూడండి. బ్యారెల్ కావాలనే కాస్త లావుగా వస్తుంది. మా మేస్త్రి దానికి నీలిరంగు పల్చగా పూశాడు. స్లైడ్‌లోకి తోశాడు, తీశాడు, దీపం కింద తిప్పాడు. రంగు చెరిగిన చోట ఆకురాయితో రెండే రెండు గీతలు. మళ్లీ పూత, మళ్లీ తోయడం. పొద్దున మొదలుపెట్టాడు, నేను బయల్దేరేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగితే, ‘గీసింది మళ్లీ అతికించలేనుగా, ఆ భయమే చెబుతుంది’ అన్నాడు. ఆ తర్వాత స్లైడ్ జారే పట్టాలకు నూనెలో కలిపిన గరుకు పేస్టు రాసి చేత్తో ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. పూర్తయిన నమూనా ఒకటి నా చేతికిచ్చాడు. చెవి దగ్గర పెట్టి ఊపాను. చప్పుడు లేదు! స్లైడ్ లాగితే మాత్రం వెన్న తీసినంత హాయిగా వచ్చింది.

ట్రిగ్గర్ సంగతి వేరే. 1911 ట్రిగ్గర్ ఇరుసు మీద తిరగదు, తిన్నగా వెనక్కి జరుగుతుంది. లోపల సియర్ అనే చిన్న ముక్క అంచును సానరాతి మీద నూరి, మూడున్నర నుంచి నాలుగు పౌన్ల లాగుడుకు తెస్తారు. తూటా లేకుండా నొక్కి చూశాను. ఎప్పుడు విడిపోయిందో వేలికి తెలియలేదు. చివర పరీక్ష ఏమిటంటే 25 గజాల దూరంలో ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల అడ్డుకొలతలో తూటాలన్నీ పడాలి. ఆ కాగితాన్ని తుపాకీతో పాటు ఇచ్చే వాళ్లున్నారు.

మోజు ముదిరితే ఎక్కడిదాకా పోతుందో కూడా చెప్పాలి. పెన్సిల్వేనియాలో క్యాబట్ గన్స్ అనే సంస్థ నమీబియాలో దొరికిన గిబియన్ ఉల్కను కోసి పిస్తోళ్ల జత చేసింది. డమాస్కస్ ఉక్కు పిస్తోళ్లూ ఉన్నాయి, నీటి అలల్లాంటి చారలతో. ఆ పేరు వినగానే నేను మన కోనసముద్రం అందుకున్నాను. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి మూస ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లని, పాత డమాస్కస్ కత్తుల పేరంతా దక్షిణాది ఉక్కు పుణ్యమేనని చెప్పాను. మేస్త్రి శ్రద్ధగా విని, ఇప్పటి చారలు రెండు రకాల ఉక్కు రేకులను పొరలు పొరలుగా అతికి సాగగొట్టినవనీ, మీది మూసలో కరిగించిన ఉక్కులో దానంతటదే పుట్టే చార అనీ, రెండూ ఒకటి కావనీ నాకే వివరించాడు!

చట్టం గురించి రెండు మాటలు, ఎందుకంటే మనవాళ్లకు ఇది ముఖ్యం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ ముచ్చట. వేరే రాష్ట్రంలో చేయించింది తిన్నగా ఇంటికి రాదు. మన రాష్ట్రంలో లైసెన్సున్న డీలర్ దగ్గరికొస్తుంది, అక్కడ 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తెచ్చుకోవాలి. పిస్తోళ్ల మీద తయారీదారు కట్టే 10 శాతం ఫెడరల్ పన్ను అడవిజంతువుల సంరక్షణకు పోతుందట. ఏడాదికి 50 లోపు చేసే మా మేస్త్రిలాంటి వాళ్లకు అదీ లేదు.

ధర? పేరున్న చోట మూడు నాలుగు వేల డాలర్ల దగ్గర మొదలు, పైకి హద్దు లేదు. నెలల తరబడి ఎదురుచూపు. ‘ఆ డబ్బుకు అత్తయ్యగారికి జత గాజులొచ్చేవి కదండీ’ అంది మా ఆవిడ. న్యాయమైన మాటే. నేను వెంటనే ఇనప్పెట్టె సంగతెత్తాను, ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి తుపాకీ కన్నా ముందు అదే కొన్నాం.

పిడికి శేషాచలం ఎర్రచందనం పలకలు వేయించాలని ఆశపడ్డాను. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న ఆంక్షలు తెలిసి ఆ ఆశ వదులుకుని అరిజోనా ఎడారిలో పెరిగే ఐరన్‌వుడ్‌కు సరేనన్నాను. నీళ్లలో మునిగేంత బరువైన కర్ర, లోపల తేనెరంగు జీర. అడ్వాన్సు కట్టేశాను. ఇక తేలాల్సింది ఒక్కటే. పిడి ముందు వైపు ఉక్కు మీద జారకుండా అడ్డంగా, నిలువుగా చేత్తో గళ్లు కోస్తారు. అంగుళానికి 25 గీతలా, 30 గీతలా? 30 అయితే చూడటానికి పట్టుబట్టలా ఉంటుంది, 25 అయితే చెమట పట్టిన చేతికి మంచి పట్టు. ఒక్క గీత వంకర పోతే మొత్తం పని పాడే కాబట్టి కోసే రోజు ఫోన్ ఎత్తనన్నాడు మేస్త్రి. శుక్రవారంలోగా చెప్పమన్నాడు. నా మనసు 30 మీద ఉంది, వేళ్లు 25 అంటున్నాయి.