పడవ వదల్లేదు

మాది అమీర్‌పేట, ధరమ్‌కరమ్ రోడ్డు. ఉద్యోగం పంజాగుట్టలో, రోజంతా లెక్కలు. ఆదివారాలు మాత్రం మేనల్లుణ్ని స్కూటర్ ఎక్కించుకుని నెక్లెస్ రోడ్డుకు వెళ్లేదాన్ని, తెరచాప పడవ నేర్చుకోవడానికి. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు దశాబ్దాలుగా జరుగుతున్నాయంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు. వాళ్లకు సాగర్ అంటే నిమజ్జనం, కంపు. కంపు సంగతి నేనూ కాదనను.

ఆ సాయంత్రం మే నెల ఉక్క. వాడికి పద్నాలుగేళ్లు. లైఫ్ జాకెట్ విప్పేస్తానని ఒకటే గొడవ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు బతికి బయటపడ్డవాళ్ల మాటలు టీవీలో విన్నదాన్ని, ఎలా ఒప్పుకుంటాను? "ఒడ్డుకెళ్లాక విప్పుదువుగానిలే నాన్నా" అన్నాను. మూతి ముడుచుకున్నాడు.

సనత్‌నగర్ వైపు మబ్బు నల్లబడింది. వెనక్కి తిప్పుదామనుకునేలోపే దుమారం వచ్చి తెరచాపను కొట్టింది. తాడు వదిలాను గానీ అప్పటికే పడవ ఒరిగిపోయింది. ఇద్దరం నీళ్లలో పడ్డాం.

నేను తెరచాప కింద చిక్కాను. కళ్లు తెరిస్తే అంతా నలుపు. తడిబట్ట ముఖానికి అంటుకుపోయి ఊపిరి తీసుకోనివ్వదు. అరచేత్తో దాన్ని పైకి నెడితే తల పట్టేంత గాలి జాగా దొరుకుతుందని నేర్పారు. నెట్టాను, దొరికింది. ఒక్కసారి పీల్చుకుని, కుట్టు వెంబడే చెయ్యి జరుపుకుంటూ అంచు దొరికేదాకా పోయాను. ఎంతసేపో చెప్పలేను. నోట్లోకి పోయిన నీళ్ల రుచి మాత్రం ఇప్పటికీ చెప్పగలను, చెప్పను. పైకి తేలేసరికి వాడు "అత్తా! అత్తా!" అని అరుస్తున్నాడు.

పడవ అప్పటికి పూర్తిగా బోర్లాపడింది. మామూలుగా దాని అడుగున ఉండే పలక మీద నిలబడి బరువు వేస్తే మళ్లీ లేస్తుంది. బోర్లాపడటంతో ఆ పలక లోపలికి జారిపోయింది. గోళ్లతో పట్టి బయటికి లాగి, ఇద్దరం వేలాడినా పడవ కదల్లేదు. తెరచాప కట్టే స్తంభం, అదే మాస్ట్, దాని కొన అడుగు బురదలో దిగబడిపోయింది. నాలాలు ఏళ్ల తరబడి తెచ్చి పోసిన బురద అది. 1990 మార్చి 10న బార్జి ఒరిగి నీళ్లలో పడ్డ బుద్ధ విగ్రహమే 1992 డిసెంబరు దాకా ఇందులో ఉండిపోయింది, మా మాస్ట్ ఎంత!

నెక్లెస్ రోడ్డు దీపాలు వెలిగాయి. "అత్తా, ఈదేద్దామా? దగ్గరే కదా." నాకూ దగ్గరగానే కనిపించింది. నీళ్లలో ఉన్నప్పుడు ఒడ్డు ఎప్పుడూ అలాగే కనిపిస్తుంది, ఈదుతుంటే జరగదు. పైగా వాన మొదలైంది. ఆ మసకలో మనిషి తల ఎవరికి కనపడుతుంది? తెల్లటి పడవ అడుగైతే కనపడుతుంది. పలక గట్టిగా పట్టుకోమని, జాకెట్‌కున్న ఈల ఊదమని చెప్పాను. చేతిలో పని ఉంటే పిల్లాడికి భయం కొంత తగ్గుతుంది. నాకే పనీ లేదు, వణుకుతూ ఉన్నాను.

రెస్క్యూ బోటతను దూరం నుంచే అరిచాడు: "అమ్మా, పడవ ఇడ్సిపెట్టకుర్రి!" తీరా దగ్గరికొచ్చి ఇంజన్ ఆపేశాడు. నీళ్లలో మనుషులుండగా ఫ్యాను తిరగకూడదని నాకు తెలుసు. అయినా ఆ చప్పుడు ఆగగానే మమ్మల్ని వదిలేస్తున్నాడేమో అనిపించి ఏడుపొచ్చింది. తాడు విసిరి ముందు వాణ్ని, తర్వాత నన్ను ఎక్కించుకున్నాడు. పడవను ఆ రాత్రికి అక్కడే వదిలేశారు. మర్నాడు, మాస్ట్ దిగబడిన దిక్కుకు ఎదురుగా తాడు కట్టి మెల్లగా లాగితే ఊడొచ్చింది. గట్టిగా గుంజితే విరిగేదట.

పంజాగుట్టలో డాక్టరు నీళ్లు మింగారా అని అడిగి, లెప్టోస్పైరోసిస్ గురించి చెప్పాడు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు. జ్వరం గానీ, ఒళ్లునొప్పులు గానీ, కళ్లు ఎర్రబడటం గానీ ఉంటే వెంటనే రమ్మన్నాడు. మాకు జ్వరం రాలేదు. వాడి చెవిపోటు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. మా వదిన నాతో మాట్లాడటానికి ఇంకా ఎక్కువ పట్టింది.