జోగ్ అడవిలో గెంతే చీమ

శివమొగ్గ జిల్లాలోని జోగ్‌కు వచ్చేవాళ్ళ కళ్ళన్నీ 253 మీటర్ల లోతుకు దూకే శరావతి మీదే ఉంటాయి. నేను వెళ్ళింది ఆ చుట్టుపక్కల అడవిలో రాలుటాకుల మీద తిరిగే ఒక చీమ కోసం. వానలు వెనకబట్టి, జలగల బెడద తగ్గిన రోజులు. దారి చూపడానికి వచ్చిన వక్కతోట రైతు ఎర్రమట్టి గట్టు దగ్గర ఆగి, "కదలకండి, అది మనల్ని చూస్తుంది" అన్నారు.

నిజంగానే చూసింది! చీమలు చాలావరకు వాసన పట్టుకుని బారులు తీరి నడుస్తాయి. ఇది ఒంటరిగా, పట్టపగలు, కంటిచూపుతో వేటాడుతుంది. మేం కాస్త కదలగానే తల మావైపు తిప్పి నిలబడింది. మరుక్షణం ఎగిరి పక్క ఆకు మీద పడింది.

చీమను పోల్చుకోవడానికి రంగు ఒక్కటే చాలదు. ముందు తల చూడాలి. దీని కళ్ళు చాలా పెద్దవి, దవడల మొదలుకు దగ్గరగా ముందుకు ఉంటాయి. దవడలు సన్నగా, పొడవుగా, కొసలు పైకి వంగి ఉంటాయి. ఒళ్ళు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. నడుము దగ్గర ఒకే కణుపు, వెనక కొండి. సాలీడునో కీచురాయినో పట్టి కొండితో పొడిచి, కదలకుండా చేసి గూటికి మోసుకుపోతుంది. అడవిలో ఓడాంటోమేకస్ అనే మరో పొడుగు దవడల చీమ కూడా ఎగిరిపడుతుంది. కానీ బార్లా తెరిచిన దవడలను టప్పున మూయడంతో దాని ఒళ్ళు వెనక్కి విసిరినట్టు పడుతుంది. మనం చూసిన చీమ గెంతేది కాళ్ళతోనే. ఈ తేడా తెలిస్తే రెంటినీ కలగలపరు.

దీని శాస్త్రీయ నామం హార్పెగ్నాథస్ సాల్టేటర్. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా రాస్తూ దీన్ని మొదట వర్ణించినవాడు థామస్ జెర్డాన్. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసినవాడు. మన కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఆయన పేరే. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించిన సంగతి మనవాళ్ళకు తెలుసు. అదే మనిషి చీమల్నీ ఇంత శ్రద్ధగా చూశాడని తెలిసినవారు తక్కువ. అందుకే ఇక్కడ చెప్తున్నాను.

గూడు మట్టిలోపల ఉంటుంది, మేం దాన్ని తవ్వలేదు. శాస్త్రవేత్తలు 1994లో వర్ణించిన ప్రకారం, పై గది గోడలకు పిల్లలు వదిలేసిన ఖాళీ పట్టుగూళ్ళ ముక్కలను అంటించి అలుకుతాయట. రాణి చనిపోతే పనిచీమలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ రోజుల తరబడి పోటీపడతాయి. నెగ్గినవి గుడ్లు పెట్టడం మొదలెడతాయి. వాటి ఆయుష్షు నెలల నుంచి ఏళ్ళకు పెరుగుతుంది, మెదడు మాత్రం దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. ఆ పాత్ర నుంచి తప్పిస్తే మెదడు మళ్ళీ పెరుగుతుందని 2021లో తేలింది. చీమ జాతుల్లో మొట్టమొదటగా జన్యుక్రమం చదివిన రెండింటిలో ఇదొకటి కావడానికి ఈ వింత జీవితమే కారణం.

అడవికి వెళ్ళే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఫొటో తీసేటప్పుడు తల, కళ్ళు, నడుము స్పష్టంగా పడేలా తీయండి. చోటు, తేదీ రాసుకోండి. గూడు మాత్రం తవ్వకండి.