ఖుబా దారిలో ఒక పెనం

గత సంవత్సరం ఉమ్రాకు బయలుదేరిన రోజున బంధువులందరూ తమ కోసం దుఆ చేయమని కోరారు. మా పెద్దన్నగారు, మేము భాయిజాన్ అని పిలుచుకునేవారు, దుఆతో పాటు మరొక పని కూడా అప్పగించారు. "శనివారం పొద్దున ఖుబాకు నడిచి వెళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు మా బుఫియా ఉన్నదేమో చూడు. ఉంటే అక్కడ గుడ్లూ జుబ్నూ తిని రా" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మా ముఖం వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో మాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాము.

మహాప్రవక్త (స) ప్రతి శనివారం ఖుబా మస్జిదుకు వెళ్ళేవారని, కొన్నిసార్లు నడిచి, కొన్నిసార్లు సవారీ మీద వెళ్ళేవారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉన్నది. అందుచేత మదీనా మునవ్వరాలో శనివారం ఉదయం ఆ దారి నిండుగా ఉంటుంది. మస్జిదె నబవి నుండి దక్షిణంగా, తీరికగా నడిస్తే సుమారు ముప్పావు గంట పడుతుంది. నడిచేవారి కోసం రాళ్ళు పరచిన బాట వేశారు. నడవలేని వారికి బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పి ఉన్నందున ఆమె బండిలో ముందుగా వెళ్ళింది. మేము నడిచాము. ఇండోనేషియా వృద్ధులు, నైజీరియా స్త్రీలు, ఉజ్బెక్ దంపతులు ఎవరి దారిన వారు తస్బీహ్ చదువుకుంటూ సాగుతుంటే, మా కళ్ళు మాత్రం దుకాణాల బోర్డుల మీద ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు ఖుబా దారిలో మా మనసు పూర్తిగా ఇబాదత్‌లో లేదు.

భాయిజాన్ మదీనాలో ఉన్నది 1987 నుండి 2009 వరకు. ఆయన వెళ్ళేనాటికి మస్జిదె నబవి మహా విస్తరణ పనులు జరుగుతున్నాయి. 1994లో అవి ముగిసేవరకు ఆ కూలీలే బుఫియాకు ముఖ్యమైన గిరాకీ అని ఆయన చెప్పేవారు. బుఫియా అంటే కూర్చుని విందు భోజనం చేసే హోటలు కాదు. ఒక గది, రెండు పొయ్యిలు, ఒక ఫ్రిజ్, గోడకు ఆనించిన బల్ల. టీ, గుడ్లు, ఫూల్ అనే ఉడికించిన బాకలా గింజల కూర, రొట్టెలో చుట్టి ఇచ్చే సాండ్‌విచ్‌లు. అంతే. సౌదీలో ఇటువంటి దుకాణాల్లో పనిచేసేవారిలో మన కేరళ వారు చాలామంది ఉంటారు. కడప నుండి వెళ్ళిన మా అన్న వారి మధ్య మలయాళం కూడా నేర్చుకున్నారు.

ఖుబాలో రెండు రకాతులు చదివి, తిరుగు దారిలో భాయిజాన్ చెప్పిన గుర్తులు వెదికాము. ఖర్జూరాల దుకాణం, దాని పక్క సందు, సందు చివర వేపచెట్టు. ఖర్జూరాల దుకాణాలు ఇరవై కనిపించాయి. సందు లేదు. సందు ఉండవలసిన చోట ఒక పెద్ద హోటలు అద్దాల తలుపులు తెరుచుకొని నిలబడి ఉన్నది. కాపలావాడిని అడిగాము. అతను వచ్చి రెండేళ్ళే అయినదట.

మరికొంత దూరం వచ్చాక వేరొక వీధిలో అటువంటిదే ఒక బుఫియా దొరికింది. లోపల ముప్పై ఏళ్ళ కేరళ యువకుడు. మేము "బైద్ బిల్ జుబ్న్" అన్నాము. "టమాటా వేయాలా?" అని ఉర్దూలో అడిగాడు. టమాటాతో చేస్తే హిజాజ్ వారు దానిని షక్షూకా అంటారు. ట్యునీషియా వైపు షక్షూకాలో గుడ్డు చెదరకుండా పైన నిలుస్తుంది. ఇక్కడ మాత్రం గుడ్లను కలియబెట్టేస్తారు. భాయిజాన్ చేసినదానిలో టమాటా ఉండేది కాదు. వద్దన్నాము.

బల్ల దగ్గర కూర్చోకుండా పొయ్యి పక్కనే నిలబడి చూశాము. నాలుగు గుడ్లు కొట్టి, ఉప్పు వేయకుండా, పచ్చసొన తెల్లసొన కలిసేంత వరకే గిలకొట్టాడు. నురగ రానివ్వలేదు. పెనంలో వెన్న వేసి, అది కరిగి చిటపటలాడక ముందే గుడ్లు పోశాడు. మంట ఎంత తక్కువగా ఉన్నదంటే, పొయ్యి వెలుగుతున్నదా లేదా అని వంగి చూడవలసి వచ్చింది. చెక్క గరిటెతో అంచుల నుండి మధ్యకు నెమ్మదిగా తోస్తూ ఉన్నాడు. రెండు నిమిషాల తర్వాత పెద్ద పెద్ద మెత్తని మడతలు ఏర్పడ్డాయి, వాటి మధ్య ఇంకా తడి మెరుస్తున్నది. మన ఇంట్లోనైతే అసలు వంట అప్పుడే మొదలైనట్లు. అతను అప్పుడే పెనం దించేశాడు. గాజు సీసా నుండి రెండు చెంచాల మెత్తని చీజ్ తీసి అక్కడక్కడ వేసి, రెండు మూడు సార్లు మాత్రం తిప్పాడు. చీజ్ సగం కరిగి, సగం తెల్లని ముద్దలుగా నిలిచింది. పైన మిరియాల పొడి.

"దించిన తర్వాత ఎందుకు వేస్తావు?" అని అడిగాము.

"చీజ్ చల్లగా ఉంటుంది కదా, గుడ్డు ఇంకా ఉడకకుండా ఆపుతుంది. పెనం వేడి చాలు, హజ్రత్. ఉప్పు కూడా దానిలోనే ఉంది" అన్నాడు.

ఇందులోని కిటుకు అర్థం చేసుకుంటే తేలికే. గుడ్డులోని మాంసకృత్తులు సుమారు 62 డిగ్రీల వద్ద గట్టిపడటం మొదలుపెడతాయి. అక్కడితో ఆపితే అవి నీటిని తమలో పట్టి ఉంచుకుంటాయి. ఇంకా కాగితే బిగుసుకొని ఆ నీటిని పిండేస్తాయి. మన కోడిగుడ్డు పొరటు పొడిపొడిగా రావడానికి కారణం ఇదే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి బాగా వేయించే మన ఖాగీనాకు ఆ పొడితనమే అందం. దానిని మేము తక్కువ చేయడం లేదు. కాని ఆ ఉదయం పక్క కొలిమి నుండి తెచ్చిన వేడి తమీస్ రొట్టె తుంచి ఆ పెనంలో అద్దుకొని తిన్నప్పుడు, భాయిజాన్ ముప్పై ఏళ్ళ క్రితం మాకు ఏమి పెట్టారో మొదటిసారి తెలిసింది.

1991లో భాయిజాన్ సెలవు మీద ఇంటికి వచ్చారు. మాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఉత్తరాదిన ఒక మదరసాలో చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాము. మా రైలు ఛార్జీలు, చలికాలపు రజాయి, కితాబులు అన్నీ ఆయన పంపిన డబ్బుతోనే. మరునాడు ఫజ్ర్ తర్వాత ఆయన భాభీని వంటింట్లోకి రానివ్వకుండా, మదీనా నుండి చొక్కాల మధ్య చుట్టి తెచ్చిన చీజ్ సీసా తెరిచి, ఈ గుడ్లు తానే చేశారు. మొదటి పళ్ళెం మా ముందు పెట్టారు. మేము సీసా చేతిలోకి తీసుకొని తిప్పి చూశాము. ఐరోపాలో తయారైనది. పాలు విరగడానికి వాడిన రెన్నెట్, అనగా దూడ కడుపు నుండి తీసే ఇన్ఫహా, ఏ జంతువుది, దానిని ఎవరు జబహ్ చేశారు అని అడిగాము. ఆయనకు తెలియదు. "మదీనాలో అందరూ తింటారు" అన్నారు. అందరూ తినడం దలీలు కాదని చెప్పి, పళ్ళెం పక్కకు జరిపాము. అమ్మీ, భాభీ, పిల్లలు అందరూ చూస్తున్నారు. భాయిజాన్ ఏమీ అనలేదు. పళ్ళెం తీసుకొని పోయారు. అప్పటి నుండి మా ఎదుట ఆయన ఆ వంట చేయలేదు.

రెండేళ్ళ తర్వాత మా చదువు చివరి సంవత్సరంలో సునన్ అబూ దావూద్ వచ్చింది. అందులో ఆహారాల అధ్యాయంలో, తబూక్ దండయాత్రలో, అనగా హిజ్రీ 9లో, మహాప్రవక్త (స) వద్దకు జుబ్న్ తెచ్చారని, ఆయన కత్తి తెప్పించి అల్లాహ్ పేరు ఉచ్చరించి దానిని కోశారని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) తెలిపిన హదీసు ఉన్నది. ఉస్తాద్ ఆ హదీసు చదివించి, రెన్నెట్ విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలోని సౌలభ్యాన్ని వివరించి, తర్వాతి హదీసుకు వెళ్ళిపోయారు. మేము మాత్రం ఆ పుట దగ్గరే ఆగిపోయాము. ఆ కితాబు ప్రతి కూడా భాయిజాన్ పంపిన రియాళ్ళతో కొన్నదే. ఆ రాత్రి ఆయనకు ఉత్తరం రాయాలని కూర్చున్నాము. క్షేమ సమాచారాలు రాసి ముగించాము.

ఇప్పుడు ఏటా ఆ పాఠం మేమే చెబుతున్నాము. జుబ్న్‌ను తెలుగులో జున్ను అని అనువదిస్తే విద్యార్థులు ఈనిన బర్రె పాలతో వండే జున్ను అనుకుంటారు. కనుక చీజ్ అనే చెప్పవలసి వస్తుంది. ఫిత్రా దానంలో ఇవ్వదగిన వాటిలో పేర్కొన్న అఖిత్ వేరు, అది ఎండబెట్టిన పులిసిన పాల ముద్ద. ఇవన్నీ విపులంగా చెబుతాము. పళ్ళెం సంగతి మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మదీనా నుండి వస్తూ జమ్‌జమ్, అజ్వా ఖర్జూరాలతో పాటు ఒక సీసా చీజ్ కూడా తెచ్చాము. ఊళ్ళో అటువంటిది దొరకనివారు డబ్బాలో వచ్చే చీజ్ స్ప్రెడ్ వాడుకోవచ్చు. పనీర్ మాత్రం పనికిరాదు. పులుపుతో విరిగిన పాలముద్ద ఎంత వేడికీ కరగదు. ఇద్దరికి నాలుగు గుడ్లు, ఒక పెద్ద చెంచా వెన్న, రెండు చెంచాల చీజ్ సరిపోతాయి.

భాయిజాన్‌కు ఇప్పుడు పళ్ళు చాలావరకు లేవు. చక్కెర వ్యాధి వల్ల చూపు కూడా తగ్గింది. వచ్చిన మూడవ రోజు ఫజ్ర్ తర్వాత వారి ఇంటికి వెళ్ళి, మేమే పొయ్యి ముందు నిలబడ్డాము. భాభీ ఆశ్చర్యంగా చూసింది. బుఫియా లేదని, అక్కడ హోటలు కట్టారని గరిటె తిప్పుతూ చెప్పాము. "చెట్టు?" అని అడిగారు. అదీ లేదన్నాము. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్న ఆయన, చూపు ఆనకపోయినా చప్పుడు విని, "మంట ఎక్కువైంది, తగ్గించు" అన్నారు. తగ్గించాము. ఇంకా తడిగా ఉండగానే "ఇక దించు" అన్నారు. దించి చీజ్ వేసి, మొదటి పళ్ళెం ఆయన చేతికి ఇచ్చాము.

ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కొంతసేపు అలాగే ఉంచుకున్నారు. తర్వాత పళ్ళెం మా వైపు జరిపి, "సీసా మీద రాసింది చదివావా, మౌల్వీ సాబ్?" అన్నారు.

భాభీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. తమీస్ లేదు గనుక మేము చపాతీ తుంచి, బిస్మిల్లాహ్ అని, ఆయన పళ్ళెంలోనే అద్దుకొని తిన్నాము.